మాస్టారి పేజీ తీసేశారు, ఇంక మానేద్దామా?

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చెన్నైలో, పెరంబూరులో ఉంటాం. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలవాళ్ళం ఐదుగురం కలిసి ఇక్కడి తెలుగువాళ్ళ చరిత్రను తెలుగు వికీపీడియాలోకి ఎక్కించాలని కొన్నాళ్ళుగా కూర్చుంటున్నాం. మొట్టమొదట మా వీధిలోనే ఉండి, మిల్లు కార్మికుల పిల్లలకు జీవితమంతా ఉచితంగా తెలుగు చెప్పిన ఒక మాస్టారి గురించి రాశాం. వరండాలో సాయంత్రం బడి నడిపేవారు, ఆ బడి వార్షికోత్సవానికి ఒక సావనీరు (ప్రత్యేక సంచిక) కూడా వేశారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వారం తిరక్కుండా "విషయ ప్రాముఖ్యత లేదు, మూలాలు లేవు" అని పేజీ తీసేశారు. సినిమాలో రెండు సీన్లలో కనబడినవాళ్ళకు కూడా పేజీలున్నాయి, ఆయనకు ఉండకూడదా? మాస్టారి కూతురేమో "నలుగురికీ చెప్పుకున్నాను, ఇప్పుడిలా అయిందేమిటి" అని ఫోన్ల మీద ఫోన్లు. మాలో చిన్నవాడు ఒక బ్లాగు పెట్టి, అందులో రాసి, దాన్నే మూలంగా చూపిద్దామంటాడు. మా తెలుగు సంఘం కార్యదర్శి "ఖర్చులు నేను చూసుకుంటా, ముందు నా పేజీ పెట్టండి" అంటున్నారు. మాస్టారి ఫోటో ఎక్కించవచ్చో లేదో కూడా తెలియడం లేదు. మేం రాసిన వ్యాసం, ముందుముందు రాయాలనుకుంటున్న పేర్ల జాబితా దీనితో పంపుతున్నాను. అందరికీ విసుగొచ్చేసింది. మానేద్దామా?

ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం:

అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తే తర్వాత మాట్లాడుకోవడం తేలిక. మీ పేజీ తీసేసిన నిర్వాహకుడు తప్పేమీ చేయలేదు. తీసేసే ముందు మీ చర్చా పేజీలో (వికీలో ప్రతి సభ్యుడికీ ఇతరులు కబురు రాసే పేజీ ఒకటి ఉంటుంది) నాలుగు మంచి మాటలు రాసి ఉంటే బాగుండేది, అది వేరే సంగతి. తెవికీ, అంటే తెలుగు వికీపీడియా, నిర్వాహకులకు జీతాలేమీ ఉండవు. ఆయన కూడా మీలాగే భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చునే మనిషే. రోజూ వచ్చిపడే ప్రచారం పేజీలను ఏరేస్తుంటే ఆ ఊపులో మీ మాస్టారు కూడా వెళ్ళిపోయారు.

మానేయకండి. కానీ మొదలుపెట్టిన చోటు మార్చండి. మీరు మనిషితో మొదలుపెట్టారు. పేటతో మొదలుపెట్టండి, మాస్టారు తర్వాత వస్తారు. ఎందుకో వివరంగా చెబుతాను.

వికీలో విషయ ప్రాముఖ్యత అంటే ఆ మనిషి గొప్పవాడా కాదా అని తూకం వేయడం కాదు. ఆయనతో చుట్టరికం, లావాదేవీ లేని ఎవరో ఒకరు, పుస్తకంలోనో పత్రికలోనో ఆయన గురించి కాస్త వివరంగా రాశారా అన్నదొక్కటే అక్కడి ప్రశ్న. రెండు సీన్ల నటుడి గురించి ఏదో సినిమా పేజీలో నాలుగు పేరాలు పడి ఉంటాయి, అందుకే ఆయన నిలిచాడు. మాస్టారి గురించి పడలేదు. (అలాంటి నటుల పేజీలు కూడా బోలెడు ఎగిరిపోతుంటాయి లెండి. "ఫలానావాళ్ళకు ఉంది కదా" అన్న వాదన అక్కడ నడవదు. మీరు అది ఎత్తగానే అవతలివాళ్ళు ఆ ఫలానా పేజీ కూడా తీసేసి వస్తారు.) రేపు ఆదోనిలో కూర్చున్న ఒక పిల్ల మీ వాక్యం చదివి "ఇది నిజమేనా" అనుకుంటే, మిమ్మల్ని అడక్కుండానే సరిచూసుకునే దారి ఉండాలి. "మా నాన్నగారు చెప్పేవారు" అన్నది మీకు ఎంత బలమైన ఆధారమైనా, ఆ పిల్లకు అందదు.

ఇందులో అన్యాయం లేదా అంటే, ఉంది. దాని గురించి రెండు మాటలు మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ కోపమంతా అక్కడే ఉంది. మీకు తెలిసిన చెన్నైనే తీసుకోండి. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసిన ఇల్లుంది. అది బులుసు సాంబమూర్తి గారిల్లు, ఇప్పుడు స్మారక భవనం. 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం వదిలేదాకా రోజురోజు సంగతులూ పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో, ఉత్తరాల్లో ఉన్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారికైతే సొంత పత్రికే ఉంది. ఆయన 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. మైలాపూరులో ఆయన పేరు మీద పార్కు కూడా ఉంది. వీళ్ళ గురించి రాయడానికి మూలాలకు కొదవ లేదు. అదే బిన్నీ మిల్లులో మగ్గం మీద జీవితం గడిపినవాడికో, తరతరాలుగా ఈ నగరం వీధులు ఊడుస్తున్న తెలుగు పారిశుద్ధ్య కార్మికులకో పత్రిక ఎక్కడిది? వాళ్ళ పిల్లలకు గుణింతాలు దిద్దించినవాడిదీ అదే పరిస్థితి. అచ్చులో ఎవరు పడ్డారో వాళ్ళే వికీలో పడతారు. ఇది వికీ కనిపెట్టిన వివక్ష కాదు, అంతకుముందు నుంచీ ఉన్నదే వికీ అద్దంలో కనబడుతోంది.

దీన్ని దాటాలని చూసినవాళ్ళు లేకపోలేదు. 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల వికీపీడియాల కోసం మనుషుల నోటిమాటను రికార్డు చేసి, ఆ రికార్డునే మూలంగా చూపించే ప్రయోగం ఒకటి జరిగింది. మంచి ప్రయత్నమే, చర్చ కూడా బాగా నడిచింది, కానీ నియమంగా కుదురుకోలేదు. నోటిమాట ఎవరిదైనా కావచ్చు కాబట్టి, దాన్ని ఎవరు సరిచూస్తారన్న ప్రశ్న మళ్ళీ మొదటికే వచ్చింది. కాబట్టి మనం రికార్డు చేద్దాం, తప్పకుండా చేద్దాం, కానీ దాన్ని నేరుగా వికీకి తీసుకెళ్ళి "ఇదిగో మూలం" అనలేం.

ఇప్పుడు పేట సంగతి. ఒకరికి సొంత పేజీ ఉండాలంటే విషయ ప్రాముఖ్యత చూపించాలి. ఉన్న పేజీలో ఒక వాక్యంగా ఉండాలంటే మాత్రం ఆ వాక్యం సందర్భానికి తగినదై, దానికి ఒక నమ్మదగ్గ మూలం ఉంటే చాలు. ఈ తేడా తెలియక చాలామంది మంచివాళ్ళు వికీకి దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. మీ మాస్టారికి సొంత పేజీ రావడం ఇప్పట్లో కష్టం. కానీ పెరంబూరు పేజీలో "విద్య" అనే విభాగం కింద, ఆ సాయంత్రం బడి గురించి రెండు వాక్యాలు, అందులో ఆయన పేరు, ఇది సాధ్యమే. పైగా చదివేవాడికి ఆయన అక్కడే బాగా అర్థమవుతాడు. చుట్టూ మిల్లు, రైలు, కార్మికుల ఇళ్ళు, మధ్యలో వరండాలో బడి. సొంత పేజీలో ఒంటరిగా నిలబెడితే పొగడ్తే మిగిలింది కదా.

మీ పేటకు మూలాలు తక్కువని అనుకోకండి. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది పెరంబూరు మిల్లు కార్మికుల్లోనే. సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు చొరవ తీసుకుంటే, బి.పి. వాడియా అధ్యక్షుడయ్యాడు. దేశంలో పద్ధతిగా నడిచిన తొలి కార్మిక సంఘాల్లో దాన్ని చెబుతారు. 1921లో బిన్నీవాళ్ళ బి అండ్ సి (బకింగ్‌హాం అండ్ కర్ణాటిక్) మిల్లు సమ్మె, ఆ తర్వాత పులియాంతోపులో అల్లర్లు, వీటి మీద పరిశోధనలు, పుస్తకాలు ఉన్నాయి. 1955 అక్టోబరు 2న నెహ్రూ ఐసీఎఫ్ (రైలుపెట్టెలు తయారుచేసే ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) ప్రారంభించారు. 1996లో బి అండ్ సి మిల్లు మూతపడింది. ఈ వెన్నెముక ముందు పెట్టండి. దాని మీద తెలుగు కుటుంబాలు, బళ్ళు, భజన మందిరాలు, అంగళ్ళు ఒక్కొక్కటే మూలంతో సహా కూర్చుంటాయి.

ఇదే పని చింతాద్రిపేటకు చేయవచ్చు. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ హయాంలో, కూవం వంపులో ఉన్న సుంకురామ చెట్టి తోట స్థలంలో సాలెవాళ్ళ కోసం కట్టిన పేట అది. ఊరు ఎలా పుట్టిందో తెలిశాక, మనుషుల గురించి రాయాల్సింది దానంతటదే తేలుతుంది. తెవికీలో ఆంధ్ర, తెలంగాణల్లోని వేల పల్లెలకు పేజీలున్నాయి. చెన్నై పేటలకు తెలుగులో ఎంత సమాచారం ఉందో మీరే ఒకసారి వెతికి చూడండి. వెతక్కుండా కొత్త పేజీ మాత్రం తెరవకండి. పాతదానిలో పది వాక్యాలు చేర్చడం కొత్త మొలక (రెండు మూడు వాక్యాల పేజీని వికీలో అలా అంటారు) నాటడం కన్నా ఎప్పుడూ మేలే.

మూలాలు ఎక్కడ దొరుకుతాయన్నది అసలు పని. మీకు బ్యాంకు అలవాటుంది కాబట్టి చిట్టా రాయడం నేర్పక్కర్లేదు.

మూలం ఇంటర్నెట్లో ఉండాలని నియమం లేదు, తెలుగులో ఉండాలనీ లేదు. తమిళ పుస్తకం, ఇంగ్లీషు గెజిట్, పాత సంచిక ఏదైనా సరే, పేరు, ఏడాది, పేజీ నంబరు ఉంటే చాలు. మీ ఐదుగురిలో తమిళం ధారాళంగా చదివేవాళ్ళు ఉండే ఉంటారు. హైదరాబాదులో కూర్చుని రాసేవాళ్ళలో చాలామందికి లేని సౌకర్యం అది. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్ళండి. 1896లో తెరిచినది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు పుస్తకాల కోసం ఊరు దాటనక్కర్లేదు. ఆంధ్రపత్రికలాంటి పాత పత్రికలు కొన్నిటిని ప్రెస్ అకాడమీవాళ్ళు స్కాన్ చేయించారు, ఇంటర్నెట్లో దొరుకుతాయేమో చూడండి. మద్రాసు కార్మికుల మీద, ఇక్కడి తెలుగువాళ్ళ మీద యూనివర్సిటీల్లో వచ్చిన పీహెచ్‌డీ గ్రంథాల కోసం, అలాంటి గ్రంథాలను దాచి ఉంచే శోధగంగ వెబ్‌సైటులో వెతకండి. ఆమోదం పొందిన పీహెచ్‌డీ గ్రంథాన్ని వికీ మూలంగా ఒప్పుకుంటుంది, పైగా దాని చివర ఉండే పుస్తకాల పట్టిక మీకు దారి చూపిస్తుంది.

మాస్టారి బడి వార్షికోత్సవానికి ఒక సావనీరు వేశారని రాశారు. అది బంగారం. కాకపోతే అది బడివాళ్ళే వేసుకున్నది కాబట్టి, బడి ఎప్పుడు మొదలైంది, ఎవరెవరు పనిచేశారు అన్న మామూలు వివరాలకే పనికొస్తుంది. ప్రాముఖ్యత నిరూపించడానికి పనికిరాదు. అందులోని ప్రకటనలు మాత్రం వదలకండి. "శుభాకాంక్షలతో" అని సగం పేజీ ప్రకటన ఇచ్చిన కిరాణా కొట్టు, ప్రెస్సు, సోడా ఫ్యాక్టరీ, వాటి చిరునామాలు చూస్తే అప్పట్లో మీ వీధిలో ఎవరు ఏ వ్యాపారం చేసేవారో తెలిసిపోతుంది. వ్యాసాలకన్నా వాటిలోనే సమాచారం ఎక్కువ ఉంటుంది. ఏ ప్రెస్సులో అచ్చయిందో చివరి పేజీ అడుగున చూసి రాసుకోండి.

గుళ్ళలో, సత్రాల్లో, పాత బళ్ళ గోడల్లో శిలాఫలకాలు ఉంటాయి. వాటిని ఫోటో తీసేటప్పుడు మధ్యాహ్నం ఎండలో ఎదురుగా నిలబడి తీస్తే అక్షరం కనబడదు. పొద్దున్నో సాయంత్రమో వెలుగు పక్కనుంచి పడే వేళ వెళ్ళండి, అక్షరాల నీడ లేచి చదవడానికి వస్తుంది. లోపల చీకటిగా ఉంటే ఒకరు టార్చి పక్కన ఏటవాలుగా పట్టుకోవాలి. నూనె పూయడం, సుద్ద రుద్దడం, కొబ్బరిపీచుతో తోమడం వద్దు, రాయి పాడవుతుంది, పూజారి తిడతాడు. ఫలకం మొత్తం ఒక ఫోటో, దగ్గరగా ముక్కలు ముక్కలుగా మరికొన్ని, అది ఏ గోడలో ఉందో తెలిసేలా దూరంగా ఒకటి. ఇక దాతల పేర్లంటారా, మన గుళ్ళలో ట్యూబులైటు మీద కూడా వెలుతురు రానంత పెద్దగా దాత పేరు రాసి ఉంటుంది. అవన్నీ ఎక్కించకండి.

పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించేటప్పుడు "ఆ రోజుల్లో ఎలా ఉండేదండీ" అని అడిగితే "ఆ రోజులే వేరమ్మా" అని మొదలై అక్కడే ఆగుతుంది. మిల్లు సైరన్ ఎన్నింటికి మోగేది, పలకలు ఎవరు కొనిచ్చేవారు, వానొస్తే బడి ఎక్కడ పెట్టేవారు, ఇలా అడగండి. చివర్లో "పెట్టెలో పాత కాగితాలేమైనా ఉన్నాయా" అనండి. శుభలేఖలు, టీసీలు, వేతన చీటీలు, మీటింగుల కరపత్రాలు బయటికొస్తాయి. రికార్డు మొదట్లోనే వాళ్ళ సమ్మతి వాళ్ళ గొంతుతోనే చెప్పించండి, దీన్ని ఎక్కడ పెట్టబోతున్నారో ముందే చెప్పండి. వికీపీడియా ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్ ఆడియో కూడా తీసుకుంటుంది. బతికున్నవాళ్ళ ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, జబ్బులు, కుటుంబ గొడవలు ఎక్కడా పెట్టకూడదు, వాళ్ళు సరేనన్నా సరే. కులం సంగతి కూడా అంతే: మూలంలో ఉండి, విషయానికి అవసరమైతే తప్ప దాని జోలికి పోవద్దు.

మాస్టారి ఫోటో గురించి అడిగారు. ఫోటో చేతిలో ఉన్నంత మాత్రాన దాని హక్కు చేతిలో ఉన్నట్టు కాదు. 1958కి ముందు తీసిన ఫోటో అయితే మన చట్టం ప్రకారం గడువు ఎప్పుడో తీరిపోయింది, గొడవ లేదు. ఆ తర్వాతదైతే, స్టూడియోకి డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళదే అని మన కాపీరైట్ చట్టం చెబుతోంది. ఈ ముక్క చాలామందికి తెలియదు, స్టూడియో ఎక్కడుందా అని వెతుక్కుంటూ తిరుగుతారు. అంటే మాస్టారు స్వయంగా తీయించుకున్న ఫోటో ఇప్పుడు ఆయన వారసులది. మాస్టారి కూతురు, వేరే వారసులుంటే వాళ్ళూ ఒప్పుకుని, వికీమీడియాకు అనుమతి ఈమెయిలు పంపితే సరిపోతుంది. అయితే ఒకటి ఆవిడకు ముందే చెప్పండి: ఒకసారి స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టాక ఆ ఫోటోను ఎవరైనా, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, వెనక్కి తీసుకోవడం కుదరదు. అది తెలిసి సరే అంటేనే ఎక్కించండి.

బ్లాగు ఆలోచన వదిలేయమనండి. తనే రాసి తనే మూలమని చూపిస్తే మొదటి చూపులోనే పట్టుకుంటారు, తర్వాత మీ బృందం ఏది రాసినా అనుమానంగా చూస్తారు. ఆ కుర్రాడి ఉత్సాహాన్ని వేరే దారికి మళ్ళించండి. 1639 ఆగస్టు 22ను మద్రాసు పుట్టినరోజుగా లెక్కగట్టి 2004 నుంచి ఏటా ఇక్కడ వేడుకలు చేస్తున్నారు. ఆ వారంలో పెరంబూరు తెలుగు జాడల మీద ఒక నడక పెట్టండి, విలేకరులను పిలవండి. ఎస్. ముత్తయ్య సంపాదకత్వంలో 1991లో మొదలైన మద్రాస్ మ్యూజింగ్స్‌లాంటి పత్రికలకు, పేటల వారపత్రికలకు, తెలుగు దినపత్రికల చెన్నై పేజీలకు మీరు సేకరించినది రాసి పంపండి. అక్కడ ఒక సంపాదకుడు చదివి, అడగాల్సింది అడిగి, అచ్చు వేస్తాడు. అప్పుడది మూలమవుతుంది. రాసినవారే వికీలో చేర్చకుండా మీలో ఇంకొకరు చేర్చడం మర్యాద. ఒక్క వ్యాసంతో మాస్టారికి సొంత పేజీ రాదు, పెరంబూరు పేజీలో వాక్యానికి మాత్రం సరిపోతుంది. ఇలాంటివి రెండు మూడు చోట్ల, వేరువేరు మనుషులు రాస్తే అప్పుడు సొంత పేజీ మాట ఎత్తవచ్చు.

అలాగే ఏఐతో వ్యాసం రాయించి అతికించే పని పెట్టుకోవద్దని కూడా ఆ కుర్రాడికి చెప్పండి. అది లేని పుస్తకానికి పేజీ నంబరు కూడా ఇస్తుంది.

కార్యదర్శిగారికి ఏం చెప్పాలంటారా? "మా చేతుల్లో లేదండీ" అనేయండి, అది నిజం కూడా. డబ్బు తీసుకొని రాస్తే ఎవరిచ్చారో, ఎవరి కోసమో బాహాటంగా ప్రకటించాలని వికీమీడియా వాడుక నియమాల్లో 2014 నుంచి ఉంది. ఆయనిచ్చే ప్రింటవుట్ల ఖర్చు కోసం ఐదుగురి పేరూ చెడగొట్టుకోకండి. ఆయనకు ఖర్చు పెట్టాలనే ఉంటే సంఘం బీరువాలో పాత మినిట్స్ పుస్తకాలు, సావనీర్లు ఉంటాయి, వాటిని చెదలు తినకముందే స్కాన్ చేయించమనండి. ఆ పని చేస్తే నిజంగా చరిత్రకు సాయం చేసినవారవుతారు.

మాస్టారి కూతురి సంగతి కొంచెం మెత్తగా చూడాలి. మీరు పంపిన వ్యాసం చదివాను. "నిరుపేదల పాలిట దైవం", "అజాతశత్రువు", "ఆయన సేవలు చిరస్మరణీయం" అన్నవి ఆవిడ చెప్పించినవేనని ఊహించగలను. సంతాపసభలో బాగుంటాయి. కానీ ఎవరి గురించైనా అవే మాటలు కదా, అందుకే వాటిలో మాస్టారు కనబడరు. వాటి మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంది: షిఫ్టు దిగి పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తండ్రులు కొందరు వరండా మెట్ల మీద కూర్చుని, పిల్లల పలకలు తీసుకొని తామూ అక్షరాలు దిద్దేవారని. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. దాన్ని ధృవపరిచే మనిషి, కాగితం దొరికేదాకా మీరు వెతకాల్సింది అదే. ఆవిడతో "పొగడ్తలు తీసేస్తున్నాం, ఇది ఉంచుతున్నాం" అని చదివి వినిపించండి. ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. ఆవిడ నేరుగా పేజీలో మార్పులు చేయకుండా, చెప్పదలచుకున్నది చర్చా పేజీలో రాయడం పద్ధతి.

మీరు ముందుముందు రాయాలనుకుంటున్న పేర్ల జాబితా కూడా చూశాను. ధర్మకర్తలు, వ్యాపారులు, సినిమావాళ్ళు. ఒక్క ఆడమనిషి లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది మీ ఊళ్ళోనే. ఆ సంస్థ గురించి, దాని బడుల గురించి తెవికీలో ఎంతవరకు ఉందో చూసి పెంచండి, అక్కడి నుంచి ఎందరో ఆడవాళ్ళ పేర్లు అచ్చులోనే దొరుకుతాయి. 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టి, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించిన గాజుల లక్ష్మీనరసు చెట్టి లాంటివాళ్ళకు ఇప్పటికే కావలసినన్ని మూలాలున్నాయి, చేయి తిరగడానికి అలాంటి పేజీలు సాపు చేయడం మంచి అభ్యాసం.

ఇంకొక్క మాట, అడక్కపోయినా చెబుతున్నాను. "మద్రాసు మనదే" అన్న పాత నినాదాన్ని గుమ్మం బయటే వదిలిపెట్టి రాయండి. ఇంగ్లీషువాళ్ళకు 1639లో ఆ తీరం ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడే, రాయండి, మూలం పెట్టండి. త్యాగరాయనగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి ఇంట్లో తెలుగు మాట్లాడేవారని మూలం ఉంటే అదీ రాయండి. అందుకని ఊరు ఎవరిదన్న తీర్పు మీరు ఇవ్వకండి. ఇస్తే మీ కష్టమంతా దిద్దుబాటు యుద్ధాల్లో కొట్టుకుపోతుంది, పక్కింటి తమిళ మిత్రుడు ఇవ్వబోయిన పాత ఫోటో కూడా ఇవ్వడం మానేస్తాడు.

తీసేసిన పేజీ పోయిందనుకుంటున్నారు, పోలేదు. నిర్వాహకులకు అది ఇంకా కనబడుతుంది. ఈ రాత్రే, పేజీ తీసేసిన నిర్వాహకుడి చర్చా పేజీలో ఇలా రాయండి (ఇందులో ప్రయోగశాల అంటే మీరు చిత్తుప్రతి రాసుకునే సొంత పేజీ): "నమస్కారం. నేను రాసిన మాస్టారి పేజీని మీరు తొలగించారు. కారణం అర్థమైంది, అభ్యంతరం లేదు. మూలాలు వెతుకుతున్నాం. దయచేసి ఆ పాఠ్యాన్ని నా ప్రయోగశాలలోకి తెచ్చిపెట్టగలరా? ఈలోగా మేం పెరంబూరు వ్యాసంలో పనిచేస్తాం, తప్పులుంటే చెప్పండి." కింద సంతకం పెట్టడం మరవకండి. నాలుగు టిల్డాలు (~~~~) కొడితే మీ పేరూ తేదీ అదే వేస్తుంది. రెండు రోజుల్లో జవాబు రాకపోతే రచ్చబండలో, అంటే తెవికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో, అదే అడగండి, ఎవరో ఒకరు పలుకుతారు.